తీరిక లేని డిజైనర్‌కు లేపాక్షి పాఠం

ప్రశ్న: అనంతపురంలో పెళ్లికార్డులు డిజైన్ చేస్తాను. పొద్దున కూర్చుంటే రాత్రికే లేచేది. ఎప్పుడూ నెట్‌లో దొరికిన బోర్డర్లే వాడుతున్నాను. మన కళను రోజువారీ పనిలోకి ఎలా తెచ్చుకోవాలి?

జవాబు: రోజుకు పావుగంట చాలు, కానీ ఒక్కదాన్నే పట్టుకోండి. ఒక ఆదివారం లేపాక్షి వీరభద్రాలయానికి వెళ్లండి. 16వ శతాబ్దపు కప్పు చిత్రాల్లో ఆడవాళ్ల చీరలు చూడండి: గళ్లు, చారలు, పువ్వులు. ఎంత ఓపికగా గీశారో! అన్నీ చూడాలన్న ఆత్రం వద్దు, ఒక్క అంచు చాలు. తలెత్తి చూస్తే మెడ పట్టేస్తుంది. చిన్న అద్దం ఒళ్లో పెట్టుకోండి. కుడి ఎడమలు తారుమారవుతాయని మాత్రం మరవొద్దు. ఫోటో తీస్తే ఫోన్‌లో వైట్ బ్యాలెన్స్ (వెలుగును బట్టి రంగులు సరిచేసే సెట్టింగ్) ఆటోలో ఉంచకండి, మట్టి ఎరుపు రంగు మారిపోవచ్చు. అసలు పెన్సిల్‌తో గీసిందే చేతికి అలవాటవుతుంది.

ఇంటికొచ్చాక గ్రాఫ్ కాగితం మీద ఆ అంచులో మళ్లీ మళ్లీ వచ్చే ముక్కను ఒక్కసారే గీయండి. దాన్ని కార్డు చుట్టూ వరుసగా పేర్చేటప్పుడు చాలామంది తడబడేది మూలల దగ్గరే. కార్డు 18 x 12 సెం.మీ. అయితే ముక్క 1.5 సెం.మీ. ఉండాలి: పొడవున 12, వెడల్పున 8 సరిగ్గా పడతాయి. 1.6 పెడితే మూలలో పువ్వు తెగుతుంది.

ధర్మవరం వైపు పని పడితే తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంటలో ఒక బొమ్మను దీపానికి అడ్డంగా పెట్టించి చూడండి. నగలన్నీ రంధ్రాలే, వెలుగే అక్కడ గీత.