మడ్డి ఎక్కడికి పోయింది?

చిరంజీవి అమ్మాయికి,

పరిశ్రమలు పచ్చబడడానికి అంతర్జాతీయ సంస్థలు ఏం చేస్తున్నాయో నువ్వు రాసిన వ్యాసం అందింది. భాష శుభ్రంగా ఉంది, అచ్చుతప్పులు లేవు. మెచ్చుకోలు ఇంతటితో సరి, ఎందుకంటే మూడో పేజీకి వచ్చేసరికి నాకు ఒళ్లు మండింది.

యూనిడో (ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ), యునెప్ (దాని పర్యావరణ విభాగం), జెఫ్ (ప్రపంచ పర్యావరణ నిధి), ప్రపంచ బ్యాంకు అన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి. ఒకటి తోడ్పడుతోంది, ఒకటి ప్రోత్సహిస్తోంది, ఇంకోటి కట్టుబడి ఉంది. ఆ తోడ్పాటు వచ్చాక ఏ ఫ్యాక్టరీలో ఏ పని ఎలా మారిందో ఒక్కచోటా లేదు. 2013లో యూనిడో పెరూ రాజధాని లీమాలో చేసిన ప్రకటనను అరపేజీ ఎక్కించావు. అదే ఊళ్లో అదే సంస్థ 1975లో ఇంకో ప్రకటన చేసింది, 2000 నాటికి ప్రపంచ పారిశ్రామిక ఉత్పత్తిలో వర్ధమాన దేశాల వాటా కనీసం 25 శాతం కావాలని. అప్పుడు గోలంతా వాటా కోసం, ఇప్పుడు పచ్చదనం కోసం. ఈ మధ్యలో ఏం జరిగిందో నువ్వు అడగనే లేదు. ప్రకటనలు చదివి పరిశ్రమ గురించి రాయడమంటే శుభలేఖ చూసి కాపురం గురించి రాయడమే.

యూనిడోను తిట్టమని కాదు నేననేది. ఓజోన్ సంగతి ఒక్క లైనులో తేల్చేశావే, అక్కడ రాయడానికి బోలెడంత ఉంది. ఫ్రిజ్‌లలో వాడే, ఓజోన్ పొరను తినేసే పాత గ్యాసు మానెయ్యడానికి అయ్యే అదనపు ఖర్చు వర్ధమాన దేశాల కంపెనీలకు ఇవ్వడానికి 1991 నుంచి ఒక ఉమ్మడి నిధి పనిచేస్తోంది. పైసకు లెక్క ఉంది, యంత్రాలు మారాయి, మన దేశంలో ఆ గ్యాసు తయారీ 2008లో ఆగింది. అలాంటిది ఇంకో రెండు దొరికితే నీకు వ్యాసం ఉన్నట్టే.

ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం వేరే. ఐదో పేజీ అడుగున బ్రాకెట్లో ఒక మాట పెట్టావు. తమిళనాడులోని వాణియంబాడిలో టానరీలో, అంటే తోళ్లు పదును చేసే ఫ్యాక్టరీలో, పనిచేసే మీ మామ ఇంటికి రాగానే చేతులకు కొబ్బరినూనె రాసుకుంటే గానీ అన్నం కలపలేడని. అది బ్రాకెట్లో ఉండాల్సిన మాటా అమ్మా? మిగతా ఏడు పేజీలూ బ్రాకెట్లో పెట్టి ఇది బయట పెట్టు.

మీ మామ ఏ పని దగ్గర ఉంటాడో నువ్వు రాయలేదు. ఉప్పు దులిపే చోటా, వెంట్రుకలు ఊడదీసే సున్నం దగ్గరా, తోలును పదును చేసే క్రోము డ్రమ్ముల దగ్గరా? చేతులు పగలడానికి ఒక్కోచోట ఒక్కో కారణం. పచ్చితోలు కుళ్లకుండా ఉప్పు పట్టించి తెస్తారు. టానరీలో మొదటి పని దాన్ని నానబెట్టడం. ఉప్పంతా ఆ నీళ్లలోకి దిగుతుంది. ఒకసారి కరిగిన ఉప్పును మామూలు శుద్ధి ప్లాంటు ఏమీ చెయ్యలేదు. అందులోని సూక్ష్మజీవులు తోలు మురికిని తింటాయి గానీ ఉప్పును ముట్టవు. దాన్ని తియ్యాలంటే ఆర్వో కావాలి, నీళ్లు ఇగిర్చే యంత్రాలు కావాలి, నెలనెలా కరెంటు బిల్లు కట్టాలి. 1990లలో యూనిడో చెన్నైలో ఆఫీసు పెట్టుకుని మన చుట్టుపక్కల దేశాల టానరీల కోసం ఒక కార్యక్రమం నడిపింది. వాళ్లు చేసి చూపిన పనుల్లో నాకు నచ్చింది చాలా చిన్నది: నానబెట్టకముందే తోలును చెక్క చట్రం మీద పరిచి ఉప్పు దులపడం. రాలిన ఉప్పు ఎంతో, పక్కనున్న పాలారు నదికి అంత మేలు. ఇంకోటి క్రోము. తోలు పీల్చుకోగా దాదాపు మూడో వంతు నీళ్లలోనే మిగిలిపోతుంది. మెగ్నీషియం ఆక్సైడ్ వేస్తే అడుక్కు దిగుతుంది, ఆమ్లంలో కరిగించి మళ్లీ డ్రమ్ములోకి పంపొచ్చు. ‘హరిత ఆవిష్కరణ’ అని పదిసార్లు రాశావు. ఇది ఒక్కసారి రాసి ఉంటే సరిపోయేది.

ఇంత మంచి పద్ధతులు ఉండగా యజమానులు తమంతట తామే వాటిని పాటించారా అంటే, అక్కడ నీకు కోర్టు కావాలి. 1996 ఆగస్టు 28న వెల్లూరు పౌరుల సంక్షేమ వేదిక కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తెచ్చుకుని చదువు. ఆ టానరీల ప్రాంతంలో 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతో పూర్తిగానో పనికిరాకుండా పోయిందని అందులోనే ఉంది. టానరీకి 10,000 రూపాయల చొప్పున జరిమానా వేశారు. నిపుణుడు దారి చూపించాడు, కోర్టు కర్ర పట్టుకుంది, అప్పుడు గానీ యజమాని కదల్లేదు. నా లెక్క ఇది. నీ లెక్క వేరే అయితే రాయి, వాదించుకుందాం. నీ వ్యాసంలో కోర్టు పేరే లేకపోవడం మాత్రం నాకు మింగుడుపడలేదు.

సరే, ప్లాంట్లు వచ్చాయి, నీళ్లు తేటపడ్డాయి. నీళ్లలోంచి తీసిన మడ్డి ఏమైంది? నా పిచ్చి ఇదే, దీని గురించి నాతో విసిగిపోని వాళ్లు లేరు. శుభ్రం చెయ్యడమంటే మురికిని ఒకచోట నుంచి ఇంకోచోటికి పంపడం. ఆ రెండోచోటు దాకా వెళ్లని వ్యాసం నాకు సగమే. నీళ్లు ఇగిర్చాక మిగిలే ఉప్పు కలగాపులగంగా ఉంటుంది, కొనేవాడు దొరకడు, మూటలు షెడ్లలో పేరుకుంటాయి. క్రోము మడ్డి సంగతి ఇంకా ఘోరం. 2015 జనవరి 31న రాణిపేట పారిశ్రామికవాడ సిప్కాట్‌లో అర్ధరాత్రి దాటాక శుద్ధి ప్లాంటు మడ్డి ట్యాంకు గోడ కూలింది. ఆ మడ్డి పక్క టానరీలో నిద్రపోతున్న వాళ్ల మీదికి వచ్చి 10 మంది చనిపోయారు. ఎక్కువమంది బెంగాల్ నుంచి కూలికి వచ్చినవాళ్లు. కట్టింది కాలుష్యం ఆపడానికి. ఇది లేకుండా పాలారు లోయలో పరిశ్రమ ఎంత పచ్చబడిందో ఎలా రాస్తావు?

నేను పత్రికకు వార్తలు రాసి సెంటీమీటరుకింత అని డబ్బు పుచ్చుకునే రోజుల్లో, ఇలాంటి ఒక ప్లాంటు ప్రారంభం గురించి రాశాను. ఆఖరి మూడు పేరాలూ మడ్డి గురించే. పక్క ఊరి ఆడవాళ్లు మంచినీళ్ల కోసం ఎంత దూరం పోతున్నారో కూడా ఉంది. ఆ పేరాలు ఎగిరిపోయాయి, ఆ జాగాలో రిబ్బన్ కత్తిరిస్తున్న ఫొటో వచ్చింది. అడిగితే డెస్కు ఆయన “పాజిటివ్‌గా ముగించాలండీ” అన్నాడు. ఆయన రిటైరయ్యాడు గానీ ఆ మాట రిటైరవలేదు. ఏటా జూన్ 5న వచ్చే ప్రత్యేక సంచికలు తిరగెయ్యి, నీకే తెలుస్తుంది. ఒక్క మడ్డి కుప్ప ఫొటో కనబడితే నాకు చెప్పు. నీ వ్యాసం ఆఖరి పేరా కూడా ఆ సంచికల కోసం రాసినట్టే ఉంది. కొట్టెయ్యి.

మీది కుప్పం దగ్గర ఊరే కదా. పాలారు మీ మీదుగా వెళ్లాకే వాణియంబాడి చేరుతుంది. ఒకసారి మామతో వెళ్లు. గేటు లోపలికి రానివ్వకపోతే బయట టీకొట్టు దగ్గర కూర్చో, షిఫ్టు దిగేవాళ్లు అక్కడికే వస్తారు. ఉప్పు ఎవరు దులుపుతారు, రోజుకు ఎంత ఇస్తారు, దులిపిన ఉప్పు ఏం చేస్తారు, మడ్డి లారీ ఎప్పుడు వస్తుంది, ఎటు పోతుంది, అడుగు. మామ ఉద్యోగానికి ఇబ్బంది వచ్చేట్టుంటే ఆయన పేరు, టానరీ పేరు రాయకు. ఆ తర్వాతే సంస్థల నివేదికలు తెరువు. వాళ్లు చేశామన్నది ఆ షెడ్డులో ఉందా లేదా అన్నది అప్పుడు నీకే తెలుస్తుంది.

కలం పేరు పెట్టుకోనా, ఇంగ్లీషులో రాస్తే ఎక్కువమంది చదువుతారా, పోటీకి పంపనా అని అడిగావు. అవన్నీ తర్వాత.

రెండోసారి రాసింది పోస్టులో పంపు. ఫోన్లో చదివితే నాకు తలనొప్పి వస్తుంది. కాగితానికి ఒకవైపే, లైన్ల మధ్య జాగా వదిలి. ఈసారి మొదటి పేజీలో లీమా కనిపించిందా, విప్పకుండానే తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో.