ట్రస్టీల పేర్లు పంపే ముందు అందరినీ అడుగు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

మీ తెలుగు సంఘాన్ని ఛారిటీగా రిజిస్టర్ చేయిస్తున్నామని, ట్రస్టీలుగా ఐదుగురిని అనుకున్నామని రాశావు. చాలా సంతోషం తల్లీ. ఆ ఐదుగురూ మంచివాళ్లేనని నాకూ తెలుసు. కానీ చట్టప్రకారం వాళ్లకు అర్హత ఉందో లేదో అడిగావా? ఆ మాట నీ ఉత్తరంలో ఎక్కడా కనబడలేదు, అందుకే వెంటనే రాస్తున్నాను.

ఇంగ్లండ్, వేల్స్‌లో ఎవరు ట్రస్టీగా ఉండకూడదో 2011 ఛారిటీస్ యాక్ట్ చెబుతుంది. 2018 ఆగస్టు 1 నుంచి ఆ కారణాలు పెరిగాయి, సీనియర్ మేనేజర్లకు కూడా అవే వర్తిస్తున్నాయి. మోసానికి సంబంధించిన నేరాలు, లంచం, మనీ లాండరింగ్, ఉగ్రవాదం, కోర్టులో అబద్ధపు సాక్ష్యం వంటివాటిలో శిక్ష పడి, అది ఇంకా ‘స్పెంట్’ కాకపోతే, అంటే చట్టం చెప్పిన గడువు తీరి లెక్కలోంచి పోకపోతే, ఆ మనిషి అనర్హుడు. లైంగిక నేరస్థుల రిజిస్టర్‌లో ఉన్నవాళ్లు, కంపెనీ డైరెక్టర్‌గా నిషేధం ఉన్నవాళ్లు, తప్పుడు నిర్వహణ వల్ల ఛారిటీలను నియంత్రించే ఛారిటీ కమిషన్ గానీ హైకోర్టు గానీ వేరే ఛారిటీ నుంచి తొలగించినవాళ్లు కూడా అంతే. కారు స్పీడుకి పడ్డ ఫైన్ల గురించి ఎవరూ కంగారుపడక్కర్లేదు.

మనవాళ్ల విషయంలో అసలు చిక్కు నేరాల దగ్గర కాదు, అప్పుల దగ్గర. దివాలా తీసి ఇంకా దాన్నుంచి బయటపడని (డిశ్చార్జ్ కాని) వాళ్లు, అప్పులవాళ్లతో ఐవీఏ, అంటే అప్పును వాయిదాల్లో తీర్చే చట్టబద్ధమైన ఒప్పందం, చేసుకుని ఇంకా కడుతున్నవాళ్లు, అప్పు తీర్చలేనివాళ్లకు ఊరటగా ఇచ్చే డెట్ రిలీఫ్ ఆర్డర్ నడుస్తున్నవాళ్లు ట్రస్టీగా ఉండకూడదు. దివాలా మామూలుగా ఏడాదికి తీరిపోతుంది. ఐవీఏ అలా కాదు, ఐదారేళ్లు సాగుతుంది. ఉద్యోగం పోయి క్రెడిట్ కార్డుల మీద బతికిన మనిషి ఐవీఏకి వెళ్తే ఇంట్లో భార్యకి తప్ప ఎవరికీ చెప్పడు. ఉగాదికి, సంక్రాంతికి మాత్రం ఎప్పటిలాగే ముందుండి అన్నీ చూసుకుంటాడు.

నాకు తెలిసిన ఒక సంఘంలో ఇదే జరిగింది. రెస్టారెంట్ మూతపడ్డాక ఒక ట్రస్టీ ఐవీఏ తీసుకున్నారు. పదవికి ఎసరు వస్తుందని ఆయనకు తెలియదు, మిగతావాళ్లకు అడగాలనే తోచలేదు. సంఘం చెక్కుల మీద ఆయన సంతకం అలాగే పడుతూ వచ్చింది. అనర్హత ఉండి ట్రస్టీగా కొనసాగడం నేరం తల్లీ, గరిష్ఠంగా రెండేళ్ల జైలు శిక్ష వరకూ ఉంది. తెలియగానే ఆయన రాజీనామా ఇచ్చి వేవర్ కోసం, అంటే అనర్హత నుంచి మినహాయింపు కోసం, కమిషన్‌కు అప్లై చేశారు. మిగతా ట్రస్టీలు ఆయన ఎందుకు కావాలో రాసి ఇచ్చారు. అనుమతి వచ్చింది, తిరిగి వచ్చారు. ఆ మధ్యకాలంలో ఆ ఇంటిల్లిపాదీ పడ్డ టెన్షన్, ఆ సిగ్గు నేను చూశాను. మొదట్లోనే ఒక కాగితం చేతిలో పెట్టి ఉంటే అదంతా తప్పేది.

కాబట్టి మొహమాటాన్ని పక్కన పెట్టు. ‘పెద్దాయన్ని అలా అడుగుతామా’ అని మీ కమిటీలో ఎవరో ఒకరు అంటారు. ఒక్కరినే అడిగితే అవమానం, అందరినీ అడిగితే పద్ధతి. ఛారిటీ కమిషన్ వెబ్‌సైట్‌లో ‘నాకు ఏ అనర్హతా లేదు’ అని సంతకం పెట్టే డిక్లరేషన్ నమూనా ఉంది, ప్రింట్ తీసి మీటింగ్‌లో అందరికీ ఇవ్వు. మీ అధ్యక్షులే మొదట సంతకం పెట్టాలి, నువ్వు రెండోదానివి. ఇంటికి తీసుకెళ్లి చదువుకుని తెస్తామంటే సరే అను, నలుగురి ముందు పట్టుబట్టకు. తప్పుకుంటానన్నవాళ్లను కారణం అడగొద్దు. ఏటా జరిగే సర్వసభ్య సమావేశం (ఏజీఎం) రోజున అదే కాగితం మళ్లీ ఇవ్వు, ఎందుకంటే మధ్యలో పరిస్థితులు మారతాయి.

సంతకాలయ్యాక నువ్వే సరిచూడు. దివాలా, ఐవీఏల రిజిస్టర్, కంపెనీస్ హౌస్‌లో నిషేధిత డైరెక్టర్ల జాబితా, కమిషన్ దగ్గర తొలగించిన ట్రస్టీల జాబితా, మూడూ ఆన్‌లైన్‌లో ఉచితం. మన పేర్లతో ఇక్కడొక ఇబ్బంది ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుంటుంది, బ్యాంకులో వెనక్కి పోతుంది, పిలిచే పేరు ఇంకొకటి. పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించుకుని, ముందువెనకలు మార్చి కూడా వెతుకు. రెడ్డి, రావు అని కొడితే బోలెడు పేర్లు వస్తాయి. పుట్టినతేదీ కలవకుండా ఎవరినీ అనుమానించకు.

వేవర్ గురించి ఇంకొక్క మాట. మీది మామూలు సంఘంగా ఉంటే ఒక రకం, కంపెనీగా గానీ, సీఐఓగా (ఛారిటీల కోసమే ఉన్న ఇన్‌కార్పొరేటెడ్ సంస్థ రూపం) గానీ పెడితే ఇంకో రకం. దివాలాలో ఉన్న మనిషికి కంపెనీ డైరెక్టర్‌గా ఉండటానికి కోర్టు అనుమతి లేకపోతే, ఆ రెండింటిలో కమిషన్ వేవర్ ఇవ్వలేదు. సీఐఓ అనుకుంటున్నారు కదా, ఇది ముందే తెలిసి ఉండాలి. కుర్రాళ్లలో ఒకర్ని తీసుకుంటామన్నారు, సీఐఓలో 16 ఏళ్లు నిండితే చాలు. మామూలు సంఘమైతే 18 ఉండాలి.

రేపు గుడి కట్టి మేనేజర్‌ను పెట్టుకుంటే, హోదా పేరు కాదు, పని చూడాలి. ట్రస్టీలకు మాత్రమే జవాబుదారీగా రోజువారీ వ్యవహారమంతా నడిపేవారు, మొత్తం డబ్బు లెక్కలు చూసే పై అధికారి సీనియర్ మేనేజర్ల కిందకు వస్తారు. పూజారిగారు, తెలుగు క్లాసు టీచరు ఆ ఉద్యోగాల వల్ల అందులోకి రారు. గిఫ్ట్ ఎయిడ్, అంటే విరాళాల మీద దాతలు కట్టిన పన్నును ఛారిటీ తిరిగి రాబట్టుకునే పథకం, కావాలంటే పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ ‘ఫిట్ అండ్ ప్రాపర్’ పరీక్ష, అంటే నడిపేవాళ్లు తగినవాళ్లేనా అన్న పరిశీలన, వేరే, దానికీ ఒక డిక్లరేషన్ ఉంది, రెండూ ఒకేరోజు పెట్టించెయ్. స్కాట్లాండ్‌లో ఉన్న మీ బావ వాళ్ల సంఘానికి ఈ కాగితాలు పంపకు, అక్కడి చట్టమూ, నియంత్రణ సంస్థా వేరు.

కాగితాలు వచ్చాక నియమావళిలో ట్రస్టీల అర్హతల పేజీ నాకు ఫొటో తీసి పంపు. చట్టంలో లేని షరతులు కొన్ని సంఘాలు సొంతంగా పెట్టుకుంటాయి, అవి కూడా ఓసారి చూసి చెబుతాను.

మీ మావయ్య