ముగ్గురు కలిసి తొక్కే క్రిటీరియం

చి. అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. పోయిన క్రిటీరియం గురించి, అదే, చిన్న చుట్టుదారిలో ల్యాపుల మీద ల్యాపులు తొక్కే ఆ సైకిల్ రేసు గురించి నువ్వు రాసింది చదివాను. మీ జట్టులో ముగ్గురికీ కాళ్ళలో బలం ఉంది, శిక్షణలో లోటు లేదు. అయినా ముగ్గురూ పదో స్థానం చుట్టుపక్కలే ఆగిపోయారు. అందులో ఒక మాట దగ్గర నా మనసు చివుక్కుమంది. ఇంకా నాలుగు ల్యాపులుండగా మీ జట్టు అమ్మాయే ఒకరు ఎటాక్ చేస్తే (గుంపును వదిలి దూసుకెళ్తే), గుంపును వెంటేసుకుని ఆమెను పట్టుకున్నది నువ్వే అన్నావు. ఎవరైనా దూసుకెళ్తే వెంటపడాలనిపించడం సహజమే. కానీ ముందున్నది మీ జెర్సీ అయినప్పుడు తరమాల్సింది నువ్వు కాదు, మిగతా జట్లు.

ఎందుకో చూడు. ముందున్నామె చక్రాన్ని అంటిపెట్టుకుని తొక్కితే మన శ్రమలో దాదాపు మూడో వంతు మిగులుతుంది. అంటే తరిమేవాళ్ళు గాలికి ఎదురెళ్ళి అలసిపోతారు, వాళ్ళ వెనకున్నవాళ్ళు తేలిగ్గా వచ్చేస్తారు. క్రిటీరియంలో జట్టు పని అంటే, సగానికి సగం, ఈ అలసట అవతలి వాళ్ళకు పడేలా చూడటమే. మీ మనిషి ముందుంటే మీ ఇద్దరికీ రేసులో అంతకంటే మంచి రోజు ఉండదు.

ఆడవాళ్ళ రేసుల్లో ఇది ఇంకా ముఖ్యం. చాలా చోట్ల మనకిచ్చేది 40 నుంచి 60 నిమిషాలు. బరిలోకి దిగేవాళ్ళు తక్కువ, నిండుగా మనుషులున్న జట్లు ఒకటో రెండో, మిగతావాళ్ళు ఒంటరిగా వచ్చినవాళ్ళు. దాంతో అందరి కళ్ళూ ఆ పెద్ద జట్టు మీదే ఉంటాయి, వాళ్ళే తరుముతారులే అని. ఆ జట్టు అమ్మాయే బ్రేక్‌లో, అంటే గుంపును విడిచి ముందుకు పోయే కొద్దిమందిలో, వెళ్ళిపోయిందనుకో, ఇక తరిమే నాథుడే ఉండడు. ముగ్గురు నలుగురు కలిసి వెళ్తే చివరిదాకా దొరకరు. అందుకే ఆ జట్టులో గట్టి మనిషి కదిలిన ప్రతిసారీ మీలో ఒకరు ఆమె చక్రం వెనకే ఉండి తీరాలి. ఎవరన్నది వంతులవారీగా ముందే అనుకోండి, లేదంటే ముగ్గురూ ఒకేసారి లేస్తారు, ముగ్గురూ ఒకేసారి అలసిపోతారు.

మరి వెనక మిగిలిన ఇద్దరూ ఏం చేయాలి? గుంపులో రెండో మూడో స్థానంలో ఉండండి. ఎవరైనా తరమడానికి లేస్తే వెంటనే ఆమె వెనక చేరండి. వెనక్కి తిరిగి చూస్తే మీ జెర్సీ కనిపిస్తుంది. 'వీళ్ళను నేనెందుకు మోసుకెళ్ళాలి' అని ఆమె కాస్త నెమ్మదిస్తుంది. ఆ రెండు మూడు సెకన్లే ముందున్నవాళ్ళకు కావాల్సింది. ముందుండి లాగే వంతు వస్తే తీసుకోవద్దు, తీసుకున్నా వేగం పెంచొద్దు. ఇది రేసు నియమాలకు లోబడిన పనే, మొహమాటపడకు. అంతేగానీ కావాలని బ్రేక్ వేయడం, అడ్డంగా జరగడం, మలుపులో పక్కవాళ్ళను కంచె వైపు నెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి. అది వ్యూహం కాదు, ఒకరి ఎముకలతో ఆట.

మలుపుల సంగతి నీకు తెలిసిందే, అయినా చెప్తాను. బ్రేక్ మలుపుకు ముందే పట్టు, చేతులు కింది హ్యాండిల్ మీద, బయటి పెడల్ కిందికి, చూపు బయటికి వెళ్ళే దారి మీద. గుంపు చివర ఉంటే ప్రతి మలుపులో రబ్బరు బ్యాండులా సాగడం, మళ్ళీ అందుకోవడం తప్పదు. ముందున్నవాళ్ళు హాయిగా తిరుగుతుంటే వెనకున్నవాళ్ళు ప్రతిసారీ స్ప్రింట్ చేస్తారు. మొదటి ఎనిమిది పది మందిలో ఉండటానికి పెట్టే కష్టం వెనక ఉంటే పడే కష్టం కంటే తక్కువే.

ఎటాక్‌కి మంచి సమయం అందరూ అలసిన క్షణం. ప్రీమ్ (రేసు మధ్యలో ఒక ల్యాపుకు పెట్టే బహుమతి) కోసం స్ప్రింట్ చేసి ఊపిరి తీసుకుంటున్నప్పుడు, ముందుకు పోయిన ఒక బ్రేక్‌ను పట్టుకుని 'హమ్మయ్య' అనుకున్నప్పుడు వెళ్ళండి. గుంపు ముందు నుంచి కాకుండా నాలుగైదు చక్రాల వెనక నుంచి, రోడ్డుకు అవతలి పక్కగా వెళ్ళాలి. అప్పటికే వేగం అందుకుని దాటేస్తే చక్రం పట్టుకోవడం కష్టం. టైరు పంక్చరైతే టెన్షన్ పడకు, ఫ్రీ ల్యాప్ (సైకిల్ బాగుచేసుకోవడానికి ఒక ల్యాపు వదిలేసే వెసులుబాటు) ఉన్న రేసైతే, బాగుచేసే చోటైన పిట్‌కి వెళ్ళి, నువ్వున్న గుంపు చివర మళ్ళీ కలవొచ్చు. చివరి ల్యాపుల్లో మాత్రం ఆ వెసులుబాటు ఉండదు.

ఇక లీడ్‌ఔట్, అంటే చివర్లో మన స్ప్రింటర్‌ను వెనక ఉంచుకుని గీత దగ్గరిదాకా లాక్కెళ్ళడం. మీలో స్ప్రింట్ ఉన్నది చిన్నమ్మాయికి, కాబట్టి ఆమె చివర, నువ్వు ఆమె ముందు, మూడో అమ్మాయి అందరికంటే ముందు. ముగ్గురే ఉన్నారు గనక మూడు ల్యాపుల ముందే రైలు కట్టేస్తే (ఒకరి వెనక ఒకరు వరుసగా ముందుకొచ్చి లాగితే) చివరికి ఎవరూ మిగలరు. అప్పటిదాకా పెద్ద జట్టు రైలు వెనక కూర్చోండి. చివరి ల్యాపు గంట మోగాక మూడో అమ్మాయి పక్క నుంచి వచ్చి తనకున్నదంతా పెట్టేయాలి, ఎవరూ పక్కకు రాలేనంత వేగంతో. ఆమె తప్పుకోగానే నువ్వు. నీ పని ఒక్కటే, చివరి మలుపులోకి మొదటి చక్రంగా వెళ్ళడం. మలుపు నుంచి ముగింపు గీత 200 మీటర్ల లోపే ఉంటే, రెండో చక్రంగా బయటికొచ్చిన మనిషిని దాటడం వెనకున్నవాళ్ళకు చాలా కష్టం. మలుపులో ఒక్కసారిగా లేచి నిలబడి తొక్కకు, నీ వెనకున్న అమ్మాయి చక్రం వదిలేస్తుంది. నిదానంగా వేగం పెంచు. ఆమె నీ వెనకే ఉందో లేదో తిరిగి చూడకు, 'ఉన్నా' అని ఆమే అరవాలి. రేడియోలు లేని రేసుల్లో ఇలాంటి ఒక్క మాటలే దిక్కు, 'ఉన్నా', 'ఆగు', 'వెళ్ళు' చాలు. శిక్షణలో ఊపిరాడని వేగంలో అలవాటు చేసుకోండి.

కోరిన్ రివెరా తెలుసు కదా. అమెరికా క్రిటీరియంలలో పెరిగిన అమ్మాయి, 2017లో బెల్జియంలో మహిళల టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ రేసును స్ప్రింట్‌లో గెలిచింది. ఆమె పాత రేసుల వీడియోలు దొరికితే చూడు. చివరి ల్యాపుల్లో ఎవరి వెనక చేరుతుందో, ఎప్పుడు గాలిలోకి వస్తుందో గమనించు.

ఇంకొకటి, దీన్ని చిన్న విషయం అనుకోకు. ప్రైజ్ మనీ ఎలా పంచుకోవాలో రేసుకు ముందే తేల్చుకోండి. ముగ్గురికీ సమానంగా పంచమనే నా సలహా. లీడ్‌ఔట్ ఇచ్చి ఇరవయ్యో స్థానంలో గీత దాటిన అమ్మాయి పేరు ఫలితాల్లో ఎవరూ వెతకరు. ఆమె కష్టం తెలిసింది మీ ఇద్దరికే. వచ్చే రేసులో ఆ వంతు నీదైతే మనసు పెట్టి చెయ్యి. ఆ తర్వాతి రేసులో చివర స్ప్రింట్ చేసే వంతు నీకివ్వమని నిస్సంకోచంగా అడుగు.

నీ పెద్దమ్మ