గుడికి కండిషనల్ యూజ్ పర్మిట్: ప్లానింగ్ కమిషన్ హియరింగుకి ముందు చూసుకోవాల్సినవి

మీ ప్రశ్న ఇదీ: కాలిఫోర్నియా బే ఏరియాలో, సిటీ హద్దుల్లోనే, ఇళ్ల మధ్య రెండున్నర ఎకరాలు కొన్నారు. గుడి కట్టడానికి కండిషనల్ యూజ్ పర్మిట్, అంటే సిటీ షరతుల మీద ఇచ్చే ప్రత్యేక అనుమతి, కావాలి. మూణ్ణెల్లలో ప్లానింగ్ కమిషన్ (ఇలాంటి అర్జీలు విని తేల్చే సిటీ సంఘం) హియరింగ్ ఉండొచ్చన్నారు. ట్రాఫిక్, చప్పుడు అంటూ పక్కిళ్లవాళ్లు అప్పుడే ఉత్తరాలు మొదలుపెట్టారు. హియరింగుకి ఎంతమంది భక్తుల్ని తీసుకెళ్లాలని అడిగారు.

జనం సంగతి తర్వాత. ముందు మీ దరఖాస్తుతో ఇచ్చిన ప్రాజెక్ట్ వివరణ తీసి అందులోని అంకెలు మళ్లీ చదవండి. ఎంతమంది వస్తారు, ఏ వేళల్లో తెరుస్తారు, ఎన్ని కార్లు, ఎన్ని పండగలు అని మీరు ఏం రాశారో అదే సిటీ ప్లానర్లు కమిషన్‌కి రాసే స్టాఫ్ రిపోర్టులోకి వెళ్తుంది, అదే షరతుగా అచ్చవుతుంది. ఆ షరతులు స్థలాన్ని పట్టుకుని ఉంటాయి. కమిటీ మారినా ట్రస్టీలు మారినా పోవు.

కమిటీలు ఎక్కువగా పప్పులో కాలేసేది ఇక్కడే. పొరుగువాళ్లు బెదిరిపోతారని అంకెలు తగ్గించి రాస్తారు. 'మామూలు రోజు 40 మంది, శనాదివారాల్లో 120, వేళలు ఉదయం 7 నుంచి రాత్రి 9' అని ఊరుకుంటారు. పర్మిట్ వస్తుంది. జనవరి 1న ఊరంతా గుడికే వస్తుంది. వైకుంఠ ఏకాదశికి తెల్లవారుజామునే ఉత్తర ద్వారం దగ్గర లైను కడతారు. శివరాత్రి జాగరణ తెల్లవార్లూ సాగుతుంది. ఈ మూడు రోజుల్లోనే పక్కింటాయన ఫోన్లో ఫొటోలు తీసి కోడ్ ఎన్‌ఫోర్స్‌మెంటుకి (నిబంధనలు అమలు చేసే సిటీ విభాగం) పంపిస్తాడు. షరతు మీరే రాసిచ్చారు కాబట్టి వాదించడానికేం ఉండదు. ఫిర్యాదులు పేరుకుంటే పర్మిట్ మళ్లీ కమిషన్ ముందుకి విచారణకి వస్తుంది. మొదటి హియరింగ్ కన్నా ఇది చాలా కష్టం.

కాబట్టి మూడు వరుసల పట్టిక ఇవ్వండి: మామూలు రోజులు, వారాంతాలు, పండగలు. ప్రతి వరుసలో ఒకే సమయంలో స్థలంలో ఉండే గరిష్ఠ జనం, వేళలు, కార్లు ఎక్కడ పెడతారు, దారి చూపే వాలంటీర్లు ఎంతమంది అన్నది ఉండాలి. రోజు మొత్తంలో వచ్చే జనం, ఒకే సమయంలో ఉండే జనం వేరువేరు లెక్కలు. రెండూ కలిపేస్తే మీకే నష్టం. పండగలకి తేదీలు రాయకండి, తిథుల వల్ల ఏటా మారతాయి. పండగ పేరు, ఏడాదికి మొత్తం ఎన్ని రోజులు అన్నది రాసి, '30 రోజుల ముందు ఆ ఏటి తేదీలు సిటీకి ఇస్తాం' అని చేర్చండి. పెళ్లిళ్లకి హాలు అద్దెకిస్తారా లేదా అన్నది కూడా ఇప్పుడే తేల్చండి. తర్వాత అడిగితే అది పర్మిట్ సవరణ, అంటే మళ్లీ ఫీజు, బహుశా మళ్లీ హియరింగ్.

పార్కింగ్ దగ్గర ఇంకో చిక్కు. చాలా సిటీ కోడ్లు ప్రార్థనా స్థలాలకి బెంచీలు, కుర్చీల లెక్కన రాసి ఉంటాయి: మూడు లేదా నాలుగు సీట్లకి ఒక కారు. మన మండపంలో కూర్చునేది నేల మీద, సీట్లే లేవు. అప్పుడు బిల్డింగ్ కోడ్ ప్రకారం మనిషికి ఇన్ని చదరపు అడుగులని లెక్కకడతారు. కుర్చీలు దగ్గరదగ్గరగా వేసిన హాలుకి 7, నిలబడే చోటుకి 5, బల్లలు వేసి భోజనాలు పెట్టే చోటుకి 15. మండపం 3,000 చదరపు అడుగులైతే 7 లెక్కన 428 మంది. ముగ్గురికో కారంటే 143 స్థలాలు, నలుగురికో కారంటే 107. కారు ఆగే చోటు, తిరిగే దారి కలిపి కారుకి సుమారు 330 చదరపు అడుగులు వేసుకోండి. 143 కార్లకి 47,000 పైచిలుకు. మీ రెండున్నర ఎకరాలు 1,08,900 చదరపు అడుగులు కాబట్టి, పదింట నాలుగు పాళ్లు అటూ ఇటూగా తారు కిందకే పోతాయన్నమాట.

దీన్ని నిజాయితీగానే తగ్గించే దారులున్నాయి. గర్భగుళ్లు, నడవలు, చెప్పుల గది, స్టోరు జనం కూర్చునే చోట్లు కావు, ప్లానులో వాటిని విడిగా గీసి వైశాల్యం రాయండి. అన్నదానం హాలు విషయం మరీ ముఖ్యం. పూజ అయ్యాక మండపంలో ఉన్నవాళ్లే భోజనానికి వెళ్తారు, రెండూ ఒకేసారి నిండవు. ఆ మాట రాయకపోతే రెండు హాళ్ల జనాన్నీ కూడేస్తారు. రాస్తే 'రెండూ ఏకకాలంలో వాడరాదు' అని షరతు వస్తుంది, అది మనం బతకగలిగిన షరతే. పెద్ద ట్రాన్సిట్ స్టాపుకి అర మైలు లోపల ఉంటే 2023 నుంచి ఏబీ 2097 చట్టం వల్ల చాలా రకాల ప్రాజెక్టులకి సిటీ కనీస పార్కింగ్ పట్టుబట్టలేదు. అయినా వీధుల్లో కార్లు నిండితే గొడవ మాత్రం తప్పదు.

పండగ రోజుల పార్కింగుకి 'దగ్గర్లో స్కూలుంది, మాట్లాడతాం' అంటే చెల్లదు. స్కూలో, ఆఫీసు పార్కో సంతకం చేసిన ఉత్తరం కావాలి. ఎన్ని స్థలాలు, ఏయే రోజులు, ఏ వేళలు, షటిల్ ఎవరు నడుపుతారు అన్నీ అందులో ఉండాలి.

ట్రాఫిక్ అధ్యయనం చేసే ఇంజినీరుకి ఒక మాట గట్టిగా చెప్పండి. ఏ కట్టడానికి ఎన్ని వాహనాలు వస్తాయో చెప్పే ఐటీఈ మాన్యువల్లో చర్చి అంకెలు తీసుకుంటే అవి ముఖ్యంగా ఆదివారం పొద్దున ఒక్కసారిగా వచ్చి వెళ్లే జనానివి. మన జనం శుక్రవారం, శనివారం సాయంత్రాలు విడతలు విడతలుగా వస్తారు. అదే పరిమాణంలో ఉన్న ఒక గుడి దగ్గర శుక్ర, శని, ఆదివారాలు గేటు దగ్గర కార్లు లెక్కపెట్టించండి. ఖర్చు కాస్త పెరుగుతుంది గానీ పొరుగువాళ్ల లాయరు ముందు నిలబడేది ఆ లెక్కే. పర్యావరణ చట్టం సీక్వా కింద 2020 జులై 1 నుంచి చూసేది సిగ్నల్ దగ్గర ఆగే సమయం కాదు, మొత్తం మీద వాహనాలు తిరిగే మైళ్లు. రోజుకి 110 ట్రిప్పుల లోపు ఉంటే ప్రభావం పెద్దగా లేదని అనుకోవచ్చని రాష్ట్ర మార్గదర్శకాలు అంటాయి. ఇలా ఉన్నా, తన జనరల్ ప్లాన్ (ఊరి దీర్ఘకాల అభివృద్ధి ప్రణాళిక) ప్రకారం సిగ్నల్ దగ్గర జాప్యం లెక్క కూడా సిటీ అడగొచ్చు. రెండూ పెట్టేయండి.

సీక్వాలో మీకు అనుకూలంగా ఉండేది క్లాస్ 32 మినహాయింపు, అంటే పర్యావరణ సమీక్ష అక్కర్లేదనే వెసులుబాటు. సిటీ లోపల, 5 ఎకరాలకి మించని, చుట్టూ కట్టడాలున్న స్థలం కావాలి. జనరల్ ప్లానుకీ జోనింగుకీ సరిపోవాలి, అరుదైన, అంతరించే ముప్పున్న జీవజాతులకి ఆవాసం కాకూడదు, నీళ్లు, కరెంటు, మురుగు లైను ఉండాలి, ట్రాఫిక్, చప్పుడు, గాలి, నీటి విషయంలో పెద్ద ప్రభావం ఉండకూడదు. మంజూరయ్యాక నోటీస్ ఆఫ్ ఎగ్జెంప్షన్ (ఆ మినహాయింపు వాడినట్టు ప్రకటన) కౌంటీ క్లర్క్ దగ్గర వెంటనే దాఖలయ్యేలా చూడండి. దాఖలైతే దావాకి గడువు 35 రోజులు, కాకపోతే 180. ఈ చిన్న కాయితం మర్చిపోయి ఐదు నెలలు గుబులుగా గడపడం అవసరమా?

ఫైర్ మార్షల్ కామెంట్లు చాలామంది ఆర్కిటెక్టు మీద వదిలేస్తారు, కానీ అందులో మన గుడికే ప్రత్యేకమైనవి ఉంటాయి. ఫైరింజను దారి 20 అడుగుల వెడల్పు, 13 అడుగుల 6 అంగుళాల ఎత్తు అడ్డు లేకుండా ఉండాలి. ముందుద్వారం దగ్గర శిల్పాలతో కమాను గీయించి ఉంటే ఆ కమాను కింద ఈ రెండు కొలతలూ వేసి చూడండి. తోరణాలు, మామిడాకులు, లైట్ల దండలు వేలాడదీసినప్పుడు కూడా 13 అడుగుల 6 అంగుళాలు మిగలాలి. దారి 150 అడుగులు దాటి మూసుకుపోతే బండి తిరగడానికి చోటు చూపాలి. 300 మంది లేదా అంతకన్నా ఎక్కువ పట్టే హాలుకి స్ప్రింక్లర్లు తప్పవు. హోమం లోపల చేస్తారా, బయట షెడ్డులోనా? లోపలైతే అగ్నికి ఫైర్ శాఖ అనుమతి వేరు, పొగ బయటికి తీసే ఏర్పాటు వేరు. వంటగదికి హుడ్డు, గ్రీజ్ ఇంటర్‌సెప్టర్ (నీళ్లలోని జిడ్డు పట్టే తొట్టి) ఇప్పుడే గీయండి. కౌంటీ ఆరోగ్యశాఖ దాన్ని తర్వాత అడిగితే తారు తవ్వాలి.

వాననీటి నిబంధనలో బే ఏరియాలో 2023 జులై నుంచి హద్దు 5,000 చదరపు అడుగులు. అంతకి మించి నీరింకని నేల వేస్తే ఆ నీటిని శుద్ధి చేసే గుంటలు కావాలి. కప్పు, తారు, సిమెంటు కలిపిన వైశాల్యంలో నాలుగు శాతం అని మొదట వేసుకోండి. 70,000 చదరపు అడుగులైతే 2,800. అంటే ఎనిమిది కార్ల చోటు పోతుంది. పార్కింగ్ లెక్క పూర్తయ్యాక ఇది గుర్తొస్తే ప్లాను మొదటికొస్తుంది.

గోపురం ఎత్తుకి కోడులో మినహాయింపు వెతకండి. 'స్టీపుల్, స్పైర్, బెల్‌ఫ్రై' అని చర్చి శిఖరాల పేర్లు ఉంటాయి, గోపురం అని ఉండదు. అదే కోవలోకి వస్తుందని ప్లానర్ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి, హియరింగులో ఎవరో లేపే దాకా ఆగకండి. చప్పుడు విషయంలో 'బయట ఏ శబ్దమూ ఉండదు' అని రాసివ్వకండి. ఊరేగింపుకి మైకు లేకపోయినా నాదస్వరం, డోలు ఉంటాయి కదా. బయట మైకు ఉండదు, ఏడాదికి ఇన్ని ఊరేగింపులు, ఇన్ని గంటల మధ్య అని రాయండి.

పొరుగువాళ్ల దగ్గరికి మీరే ముందు వెళ్లండి. హియరింగుకి కనీసం 10 రోజుల ముందు 300 అడుగుల లోపు యజమానులకి నోటీసు పంపడం చట్టం. చాలా సిటీలు ఇంకా దూరం పంపుతాయి. ఆ నోటీసే వాళ్లకి మొదటి కబురు కాకూడదు. రెండు నెలల ముందే సమావేశం పెట్టి, వాళ్లు అన్న మాటలు, దానికి ప్లానులో మీరు మార్చింది రెండు వరుసల్లో రాసి ప్లానర్‌కి ఇవ్వండి. సాధారణంగా అడిగేవి చిన్నవే: పడకగది కిటికీల మీద హెడ్‌లైట్లు పడకుండా గోడ, దీపాలకి మూత, తప్పుగా ఆపిన కారు గురించి రాత్రి ఫోన్ చేస్తే ఎత్తే ఒక మనిషి.

అజెండా 72 గంటల ముందు బయటపెట్టాలి. స్టాఫ్ రిపోర్ట్, షరతుల జాబితా వచ్చిన రోజే కూర్చుని ఒక్కో షరతూ చదవండి. మీవల్ల కాని షరతుకి 'తీసేయండి' అనకుండా, దాని బదులు ఏ వాక్యం పెట్టాలో రాసి పంపండి. రోడ్డు వెడల్పుకి భూమి అడిగితే, అడిగింది మీ ప్రాజెక్టు ప్రభావానికి తగ్గ పాళ్లలో ఉందా అని చూడాలి. 1994 నాటి అమెరికా సుప్రీంకోర్టు డోలన్ తీర్పు చెప్పేది అదే. అదే కోర్టు 2024 షీట్జ్ తీర్పుతో చట్టసభ పెట్టిన ఫీజులకి కూడా అలాంటి పరీక్ష వర్తించింది. కమిషనర్లకో కౌన్సిల్ సభ్యులకో మీ వాళ్లెవరైనా గత 12 నెలల్లో 500 డాలర్లు దాటి ఎన్నికల విరాళం ఇచ్చి ఉంటే, లాయర్‌ని అడిగి ముందే రికార్డులో పెట్టండి.

ఇక జనం. పదీ పన్నెండు మంది చాలు, ఒక్కొక్కరూ ఒక్కో విషయం, మూడేసి నిమిషాలు. వంద మంది వరసగా 'మా పిల్లలకి సంస్కృతి కావాలి' అంటే అది కమిషనర్లు తేల్చాల్సిన అంశాల్లో ఒక్కదానికీ పనికిరాదు. వాళ్లు రాయాల్సింది ఫైండింగ్స్: జనరల్ ప్లానుకి సరిపోతుందా, స్థలం చాలుతుందా, చుట్టుపక్కల ఆరోగ్యానికి, భద్రతకి హాని లేదా అన్నది. ఇరవై మైళ్ల నుంచి వచ్చిన యాభై మంది కన్నా 300 అడుగుల లోపలి ఒక్క ఇంటాయన మాట బరువెక్కువ.

మత స్వేచ్ఛ చట్టం ఆర్‌ఎల్‌యూఐపీఏ (2000) సంగతి హియరింగులో బెదిరింపుగా తీయకండి, ఉత్తరంలో మర్యాదగా ఒక పేరా చాలు. సట్టర్ కౌంటీలో యూబా సిటీ గురుద్వారా కేసు చదవండి. మొదట ఇళ్ల జోన్లో 1.89 ఎకరాలు అడిగితే చప్పుడు, ట్రాఫిక్ అని కొట్టేశారు. తర్వాత 28.79 ఎకరాల వ్యవసాయ భూమికి కమిషన్ 4-3తో ఒప్పుకుంటే, పొరుగువాళ్ల అప్పీలు మీద కౌంటీ పాలకమండలి సూపర్‌వైజర్లు 4-0తో తిరస్కరించారు. 2006లో నైన్త్ సర్క్యూట్ ఫెడరల్ అప్పీలు కోర్టు గురుద్వారా వైపు తీర్పిచ్చింది. ప్లానర్లు పెట్టిన షరతులన్నిటికీ వాళ్లు ముందే ఒప్పుకుని ఉండటం ఆ రికార్డులో వాళ్లకి బాగా కలిసొచ్చింది.

ఓటింగ్ అయ్యాక అప్పీలుకి గడువు చాలా ఊళ్లలో పది రోజులు, మీ సిటీ కోడులో చూసుకోండి. అది దాటకుండా భూమి చదును పని మొదలుపెట్టకండి. పర్మిట్‌కి కూడా గడువుంటుంది, ఏడాదో రెండేళ్లో, ఆలోగా వాడకపోతే చచ్చిపోతుంది. మన విరాళాలు వచ్చే తీరు తెలిసిందే కదా. అందుకని దశలు దరఖాస్తులోనే రాయండి: మొదట మండపం, పార్కింగ్, తర్వాత అన్నదానం హాలు, చివర్న గోపురం. ఒక్క హియరింగుతో మూడూ మంజూరవుతాయి. పొడిగింపు అర్జీ మాత్రం గడువు తీరకముందే పడాలి. ఆ తేదీ కమిటీ క్యాలెండర్లో ఇప్పుడే వేసి, ఇద్దరికి బాధ్యత అప్పజెప్పండి.