సబ్సిడీని చూసి కాదు, నూనె అమ్ముడుపోవడం చూసి గానుగ పెట్టించండి

ప్రశ్న: మాది వనపర్తి జిల్లా పెబ్బేరు దగ్గర పల్లె. బీసీలం. మా అమ్మాయి బీఎస్సీ పూర్తి చేసింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకోమంటే, ఊళ్లోనే పల్లినూనె గానుగ పెడతానంటోంది. 10 లక్షలు అవుతాయట. ఒకాయన 35 శాతం సబ్సిడీతో లోన్ ఇప్పిస్తానని ముందుగా 40 వేలు అడుగుతున్నాడు. ఇవ్వమంటారా?

జవాబు: ఇవ్వకండి. ఇది ముందే చెప్పేస్తున్నాను, మిగతాది ఇంట్లో అందరూ కూర్చుని నిదానంగా చదవండి.

35 శాతం అన్న మాట అబద్ధం కాదు. సొంతంగా యూనిట్ పెట్టుకునేవాళ్లకు బ్యాంకు లోన్‌తో పాటు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీ 2008 నుంచి ఉంది. అందులో పల్లెలో కొత్త యూనిట్ పెట్టే మహిళలకు, బీసీలకు అంత సబ్సిడీ ఉంది. అదే వనపర్తి పట్టణంలో పెడితే 25 శాతమే. 10 లక్షల మీద లక్ష తేడా. ఊళ్లోనే పెడతానన్న మీ అమ్మాయి మాటలో లెక్క ఉందన్నమాట. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, దానికి ఫీజు లేదు, ఏజెంట్లను ఎవరూ పెట్టలేదు.

తినే సరుకు తయారుచేసే చిన్న యూనిట్లకు 2020లో పీఎంఎఫ్‌ఎంఈ అని ఇంకో పథకం వచ్చింది. అందులోనూ సబ్సిడీ 35 శాతమే, 10 లక్షలకు మించదు. ప్రాజెక్టు రిపోర్టు రాయించడం దగ్గర్నుంచి బ్యాంకులో మాట్లాడటం దాకా సాయం చేయడానికి జిల్లా రిసోర్స్ పర్సన్లు ఉంటారు. మంజూరైన ఒక్కో లోన్‌కు 20 వేల చొప్పున వాళ్లకు ప్రభుత్వమే చెల్లించే ఏర్పాటు ఉంది. అదే పనికి మీరు 40 వేలు ఎందుకివ్వాలి? రెండు పథకాల్లోనూ ఈ ఏడాది దరఖాస్తులు ఎప్పటిదాకా తీసుకుంటారో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. ఒకే యూనిట్‌కు రెండు సబ్సిడీలు రావు.

సబ్సిడీ మీ చేతికి రాదు. పీఎంఈజీపీలో 10 లక్షల యూనిట్‌కు మీ వాటా 5 శాతం, అంటే 50 వేలు. మిగతా 9.5 లక్షలు బ్యాంకు ఇస్తుంది. సబ్సిడీ 3.5 లక్షలు మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటాయి. యూనిట్ నడుస్తూ ఉంటేనే ఆ తర్వాత లోన్‌లో జమ చేస్తారు. అంటే నిజంగా మీరు తీర్చాల్సింది 6 లక్షలు. 11 శాతం వడ్డీతో ఐదేళ్లు అనుకుంటే నెలకు 13 వేల దాకా కిస్తీ. ఏడాదికే గానుగ మూతపడితే సబ్సిడీ పోతుంది, అప్పు మిగులుతుంది.

గానుగలు మూతపడేది ఎక్కువగా సరుకు కొనడానికి డబ్బులు లేకే. మన దగ్గర యాసంగి పల్లి జనవరి నుంచి మార్చి దాకా మార్కెట్‌కు వస్తుంది. ఆ తర్వాత కొనాలంటే వ్యాపారి చెప్పిందే రేటు. రోజుకు 50 కిలోల గింజ ఆడించినా నెలకు టన్ను పైనే కావాలి, వచ్చే నూనె అందులో సుమారు 40 శాతం. కిలో గింజ 120 అనుకున్నా నెల సరుకుకే లక్షన్నర. మూడు నెలలకు నిల్వ పెట్టాలంటే నాలుగున్నర లక్షలు! చాలామంది రిపోర్టులో మిషన్, షెడ్డు ఘనంగా రాసి ఈ ఖర్చుకు వేలల్లో వేస్తారు. మీ అమ్మాయి రిపోర్టులో నేనైతే మొదట చూసేది ఆ వరుసే. నిల్వ కూడా జాగ్రత్తగా చేయాలి. సరిగా ఆరని కాయకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, ఆ గింజ నూనెకు పనికిరాదు.

అందుకే లోన్ కంటే ముందు అమ్మకం మొదలుపెట్టనివ్వండి. రెండు మూడు క్వింటాళ్ల గింజ కొని, దగ్గర్లోని గానుగలో కిరాయికి ఆడించి, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించుకుని పెబ్బేరు, వనపర్తి, కొత్తకోటల్లో అమ్మమనండి. మొదటిసారి చుట్టాలు, తెలిసినవాళ్లు మొహమాటానికి కొంటారు. రెండోసారి తమంతట తాము ఫోన్ చేసి అడిగినవాళ్లు ఎంతమందో నోట్‌బుక్‌లో రాయించండి. ఇంట్లో అమ్మ మహిళా సంఘంలో ఉంటే ఈమాత్రం డబ్బు అక్కడే దొరుకుతుంది. 50 వేల లోపు ముద్రా శిశు లోన్ కూడా ఉంది, తాకట్టు అడగరు, కానీ సబ్సిడీ ఉండదు.

ఒక్క జాగ్రత్త. పీఎంఈజీపీ కొత్త యూనిట్లకే. ముందే సొంత మిషన్ కొని నడిపిస్తే అర్హత పోతుంది. పీఎంఎఫ్‌ఎంఈలో నడుస్తున్న యూనిట్లకూ ఇస్తారు. మీ వాటా 10 శాతం పెట్టుకోవాల్సి వచ్చినా, చిన్నగా మొదలుపెట్టి పెంచుకోవాలనుకునే మీ అమ్మాయికి ఇదే సరిపోతుందని నా అభిప్రాయం.

హైదరాబాద్ ఉద్యోగం సంగతి అంటారా? వచ్చే యాసంగి పల్లి మార్కెట్‌కు వచ్చేదాకా ఆమెకు గడువివ్వండి. అప్పటికి రెండోసారి కొనేవాళ్లు నిలబడకపోతే ఉద్యోగం చూసుకుంటానని ఆమె దగ్గర ఇప్పుడే మాట తీసుకోండి. నిలబడితే లోన్‌కు మీరే వెంట వెళ్లండి. దరఖాస్తులో ఆమె ఫోన్ నంబరే ఇవ్వాలి, ఓటీపీ, పాస్‌బుక్ ఆమె దగ్గరే ఉండాలి.