ఆ మూడో రిజిస్టర్ ఎవరి కోసం?

ప్రశ్న: మాది హనుమకొండ. బి.ఎల్.ఐ.ఎస్సీ. (లైబ్రరీ సైన్స్ డిగ్రీ) చేసి ఏడాదిగా వరంగల్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. కొత్త పుస్తకం వస్తే వివరాలన్నీ యాక్సెషన్ రిజిస్టర్ (వచ్చిన ప్రతి పుస్తకానికీ వరుస నంబర్ వేసి రాసేది), బిల్లు రిజిస్టర్, డిపార్ట్‌మెంట్ రిజిస్టర్‌లలో రాసి, మళ్లీ లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహాలో టైప్ చేయాలి. విప్పని కట్టలు గుట్టలుగా ఉన్నాయి. ఇదంతా మానేసి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులో చేరమంటారా సర్?

జవాబు: లైబ్రరీ పని నచ్చలేదని మీరు ఎక్కడా అనలేదమ్మా. రాసిందే నాలుగు చోట్ల రాయడం నచ్చలేదన్నారు. అందుకే టెస్టింగ్ సంగతి కాసేపు పక్కన పెడదాం.

ఒక వారం పాటు కట్ట విప్పినప్పటి నుంచి ర్యాక్ ఎక్కేదాకా పుస్తకం వెంటే వెళ్లండి. బిల్లుతో సరిచూడటం, ముద్ర, సీక్రెట్ పేజీలో (గుర్తు కోసం లైబ్రరీ ఎంచుకున్న లోపలి పేజీలో) యాక్సెషన్ నంబర్, సబ్జెక్టును బట్టి ఇచ్చే క్లాస్ నంబర్, ఎంట్రీ, స్పైన్ లేబుల్, బార్‌కోడ్, డేట్ స్లిప్... ఏది ఎన్ని నిమిషాలు పట్టింది, మధ్యలో ఎన్ని రోజులు బల్ల మీద ఊరికే ఉంది, రాసిపెట్టండి. ప్రతి మెట్టు దగ్గరా ఒకటే అడగండి: ఇది ఆపేస్తే ఎవరొచ్చి అడుగుతారు? పుస్తకాల ఇష్యూ అంతా కోహాలో నడుస్తుంటే, చేత్తో ఇష్యూ రాసే రోజుల నాటి బుక్ కార్డు, దాన్ని పెట్టే పాకెట్ ఎవరు చూస్తున్నారు? నేను చూసిన ఒక లైబ్రరీలో కార్డు కేటలాగ్ బీరువా తాళంచెవి పోయి ఏడాదైంది. కార్డులు మాత్రం రాస్తూనే ఉన్నారు!

యాక్సెషన్ రిజిస్టర్ జోలికి మాత్రం తొందరపడి వెళ్లకండి. అది కాలేజీ ఆస్తి లెక్క, ఆడిట్‌కూ స్టాక్ వెరిఫికేషన్‌కూ అదే ఆధారం. కోహా నుంచే ప్రింట్ తీసి, బైండ్ చేయించి, సంతకాలు పెట్టించుకోవచ్చు కానీ, ఆ నిర్ణయం ప్రిన్సిపాల్, అకౌంట్స్ వాళ్లది. మిగతా రెండు రిజిస్టర్ల కథ వేరు. బిల్లు నంబర్, ధర, సప్లయర్, డిపార్ట్‌మెంట్ కోహాలో ఒక్కసారి సరిగ్గా ఎక్కిస్తే, ఎప్పుడు కావాలన్నా రిపోర్టు తీసి ఇవ్వొచ్చు.

ఎంట్రీలో కూడా అంతే. పుస్తకం మీదుండే ఐ.ఎస్.బి.ఎన్. నంబర్ కొట్టి, వేరే లైబ్రరీల కేటలాగుల్లో వెతికే జెడ్39.50 ద్వారా చూస్తే, చాలా ఇంగ్లిష్ టెక్స్ట్‌బుక్కులకు వేరే లైబ్రరీలు చేసిన రికార్డు సిద్ధంగా దొరుకుతుంది. సరిచూసి దించుకోవడమే. ఒకే పుస్తకం 20 కాపీలు వస్తే పుస్తకం వివరాల రికార్డు ఒక్కటే, దాని కింద కాపీకి ఒకటి చొప్పున 20 ఐటమ్‌లు.

ఇలా మిగిలిన టైమ్ తెలుగు పుస్తకాలకు పెట్టండి. అక్కడ సిద్ధంగా రికార్డు దొరకడం కష్టం, దొరికినా తరచూ ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది. మన కాళోజీనే చూడండి. కాళోజీ అన్నది ఇంటిపేరు. ఒకరు ‘కాళోజీ నారాయణరావు’ అని, ఇంకొకరు ‘నారాయణరావు, కాళోజీ’ అని, మరొకరు ‘కాళోజి’ అని ఎక్కిస్తే, పాఠకుడికి కొన్ని పుస్తకాలే కనిపిస్తాయి. ఏదో ఒక రూపం ఖాయం చేసి మిగతావి దానికి కలపాలి. బుర్ర పెట్టాల్సిన పని అది. పరీక్ష కోసం మనమంతా బట్టీ పట్టిన, లైబ్రరీ సైన్స్ పండితుడు రంగనాథన్ నాలుగో సూత్రం, పాఠకుడి సమయం కాపాడమన్నది, ఇక్కడే పనికొస్తుంది.

ఇక మీ లైబ్రేరియన్. ‘ఇది దండగ పని’ అని ఆయన ముందు అనకండి. ఆ మూడో రిజిస్టర్‌కు గీతలు గీసి మొదలుపెట్టింది ఆయనే కావచ్చు. ‘సర్, ఈ ఒక్క కట్టకు డిపార్ట్‌మెంట్ రిజిస్టర్ బదులు కోహా రిపోర్టు పెట్టి చూద్దామా’ అని అడగండి. కుదరకపోతే పాత పద్ధతే అని ముందే చెప్పండి. పూర్తయ్యాక పాత పద్ధతికి, కొత్త పద్ధతికి పట్టిన టైమ్ లెక్కలు ఒక కాగితం మీద పక్కపక్కన పెట్టి చూపించండి. అప్పటికీ వద్దంటే గొడవ పడొద్దు. ఆ కాగితం మీ దగ్గరే ఉంటుంది, రేపు ఇంటర్వ్యూలో ‘కోహా వచ్చు’ అనే మాటకన్నా గట్టిగా నిలబడుతుంది.

ఈలోగా ఎం.ఎల్.ఐ.ఎస్సీ.లో (లైబ్రరీ సైన్స్ పీజీలో) చేరండి. 55 శాతం తగ్గకుండా చూసుకుని యూజీసీ నెట్ పరీక్షకు చదవండి, యూనివర్సిటీలు, డిగ్రీ కాలేజీల్లో లైబ్రేరియన్ పోస్టులకు సాధారణంగా నెట్ గానీ సెట్ గానీ అడుగుతారు. కోహా ఉచితం. ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని దాని మీద నేర్చుకోవచ్చు, పాడైనా అడిగేవాళ్లుండరు.

టెస్టింగ్ కోర్సుకు ఇప్పటికే ఫీజు కట్టేసి ఉంటే మాత్రం చెప్పండి, అది వేరే లెక్క.