వెల్డర్ ట్రేడ్‌లో చేర్చొచ్చు, పొగ సంగతి మాత్రం అడగండి

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి పదో తరగతి పాసయ్యాడు. ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ తీసుకుంటానంటున్నాడు. ఆ పొగలో మాంగనీస్ ఉంటుందని, నరాల జబ్బు వస్తుందని మా తమ్ముడు అంటున్నాడు. నాకు ఒకటే టెన్షన్. చేర్చమంటారా, వద్దంటారా?

జవాబు: చేర్చండమ్మా. అలాగని మీ తమ్ముడి మాట కొట్టిపారేయకండి, ఆయన చెప్పింది నిజం.

గరివిడి వైపు గనులున్నాయి కాబట్టి మాంగనీస్ పేరు మీకు కొత్త కాదు. ఈ లోహాన్ని ఉక్కు గట్టిదనానికి కలుపుతారు, వెల్డింగ్ రాడ్‌లోనూ ఉంటుంది. తిండి ద్వారా ఎక్కువైతే కాలేయం చాలావరకు బయటికి పంపేస్తుంది. పొగలో పీల్చింది మాత్రం ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి మెదడుకి చేరుతుంది. ఏళ్ల తరబడి పేరుకుంటే ఒంటి కదలికలను అదుపు చేసే భాగం దెబ్బతింటుంది. 1837లోనే స్కాట్లాండ్‌లో జాన్ కూపర్ అనే డాక్టరు మాంగనీస్ ఖనిజం నూరే కూలీల్లో ఈ జబ్బును గుర్తించాడు.

మొదట్లో చేతులు వణకాలనేం లేదు. చిరాకు, నిద్ర పట్టకపోవడం, మతిమరుపు చాలాసార్లు ముందు వస్తాయి. పని ఒత్తిడిలే అని ఇంట్లో వాళ్లు వదిలేస్తారు. తర్వాత నడక మారుతుంది, వెనక్కి అడుగేస్తే తూలిపోతారు. చూడటానికి పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బులా ఉంటుంది గానీ, దానికిచ్చే లెవోడోపా మందు దీనికి పెద్దగా పనిచేయదు. అందుకే నేను జాగ్రత్త గురించి ఇంతగా చెబుతున్నాను.

అన్ని చోట్లా ప్రమాదం ఒకేలా ఉండదు. ఆరుబయట పని వేరు, ట్యాంకు లోపలో ఓడ అడుగునో దూరి చేసే పని వేరు. రైలింగులకు వాడే 202 గ్రేడ్ స్టీల్‌లో నికెల్ ఖర్చు తగ్గించడానికి మాంగనీస్ 7.5 నుంచి 10 శాతం దాకా కలుపుతారు. అలాంటి పని షట్టర్ సగం దించిన షాపులో చేస్తుంటే మీవాణ్ణి పంపకండి.

పనిలో చేరేముందు షాపులో నిలబడి ఒక్క పావుగంట చూడండి. మంట పక్కనే పొగ లాగే గొట్టం ఉందా? గోడకున్న ఫ్యాన్ సరిపోదు. మామూలు ఇనుము వెల్డింగ్‌కైనా షెడ్డు లోపల పొగను పుట్టిన చోటే లాగాలని బ్రిటన్‌లో 2019లో నియమం గట్టి చేశారు. నల్ల అద్దం కళ్లకూ మొహానికీ కాపలా, ఊపిరికి కాదు. మూతికి కట్టిన తువాలు అంత సన్నటి పొగను ఆపదు, సరిగ్గా బిగిసే ఎన్95 లాంటి మాస్కు కావాలి. రాడ్ మీదకి వంగకుండా, పొగ మొహం పక్కనుంచి పోయేలా కూర్చోవడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోమనండి. బెల్లం తింటే పొగ దిగిపోతుందని సీనియర్లు చెబుతారు. బెల్లం తిననివ్వండి, మాస్కు మాత్రం మాననివ్వకండి.

ఐటీఐ అయ్యాక టిగ్ వెల్డింగ్ (టంగ్‌స్టన్ ముల్లుతో, ఆర్గాన్ వాయువు అండతో చేసేది) నేర్చుకోమనండి. అందులో పొగ బాగా తక్కువ, పైపు పని వస్తే జీతమూ మెరుగు. పై శిక్షణకు తిరుచ్చిలో బీహెచ్‌ఈఎల్ వారి వెల్డింగ్ పరిశోధన సంస్థ ఉంది.

ఈఎస్ఐ ఇచ్చే చోటే చేర్చండి. మాంగనీస్ వల్ల వచ్చే జబ్బు చట్టంలోని వృత్తి వ్యాధుల (పని వల్ల వచ్చే జబ్బుల) జాబితాలో ఉంది. ఎప్పుడైనా డాక్టరు దగ్గరికి వెళ్తే, "నేను వెల్డర్ని" అని మొదటే చెప్పమనండి.